పట్టి వదిలేసిన చేప

ఎండాకాలం వచ్చిందంటే మా కొత్తగూడ అపార్టుమెంట్లలో సగానికి సగం తాళాలు వేలాడుతూ వుంటాయి. పిల్లలకి సెలవులు, పెద్దలకి ఎండ భయం. పై అంతస్తు వాళ్ళు ఊటీ అంటే, కింది అంతస్తు వాళ్ళు కాశ్మీరం అంటారు. ఈసారి మేమూ తాళం వేశాం. కులూ లోయకి వెళ్ళాం. మావారూ, నేనూ, మా పెద్దాడపడుచూ.

ముగ్గురం మూడు పనుల మీద బయల్దేరామని రైలెక్కాక గాని తేలలేదు. వదినగారికి గుళ్ళు కావాలి. మావారికి చేపలు కావాలి. నాకు వేణ్ణీళ్ళ బుగ్గలు కావాలి. మోకాళ్ళ నొప్పులకి మంచిదట అని అందరికీ చెప్పాను గాని, అసలు సంగతి వేరు. ఎక్కడో ఒకచోట, నన్నెరిగినవాళ్ళు లేనిచోట, నిండా మునిగి లేవాలని వుంది నాకు. ఎందుకో తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నా గురించి ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు, ఆ తర్వాత నేను ఏం చెప్పినా వినరు.

"వేణ్ణీళ్ళ కోసం అంత దూరం ఎందుకే! మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదారొడ్డున గుంట తవ్వితే వేణ్ణీళ్ళు వూరుతాయట గదా" అన్నారు వదినగారు. ఆవిడ మాటకి ఎదురు చెప్పి గెలిచినవాళ్ళు మా వంశంలో ఇంతవరకూ లేరు. నవ్వి వూరుకున్నాను.

చండీగఢ్‌నుంచి టాక్సీలో కొండలెక్కాం. మండీ దాటాక బియాస్ నది పక్కనే వస్తుంది. థలోట్ అనే వూరి పేరు వినగానే ముగ్గురం మాట్లాడడం మానేశాం. హైదరాబాదువాళ్ళు ఎవరైనా మానేస్తారు. 2014 జూన్ 8న అక్కడే, ఫోటోలు తీసుకుందామని ఏట్లోకి దిగిన మన ఇంజనీరింగు విద్యార్థులు ఇరవైనలుగురు, ఎగువనున్న లార్జీ డ్యాము నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ ఆపలేదు, అన్నం సరిగా తినలేదు. వదినగారు కారు అద్దం దించి నది వైపు నమస్కారం చేశారు. మావారు మాత్రం "మీరిద్దరూ ఎక్కడా ఏట్లోకి దిగడానికి వీల్లేదు" అని ఆజ్ఞ జారీ చేశారు. తను మాత్రం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చేపలు పట్టాలని ఇరవయ్యేళ్ళుగా కలలు కంటున్నారన్న సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తులేదు.

మావారిది గోదావరి జిల్లా. చిన్నప్పుడు వెదురు బద్దకి దారం కట్టి, వానపాము ఎరవేసి, కాలవ గట్టున కూర్చున్నవారే. పుస్తెలమ్మైనా పులస తినాలనే దేశం అది. అలాంటి మనిషి ఉద్యోగరీత్యా కొత్తగూడలో మూడు పడగ్గదుల ఫ్లాటులో చిక్కుకుపోయి, ఆదివారాలు బొటానికల్ గార్డెన్‌లో నడిచి రావడమే విహారమనుకుంటున్నారు. అందుకని తీర్థన్ నది దగ్గరికి ముందు వెళ్దామంటే నేను కాదనలేదు. పేరులోనే తీర్థం వుంది గదా అని వదినగారు కూడా ఒప్పుకున్నారు. అక్కడికి వెళ్ళాక, తీర్థంలో ఏం జరుగుతుందో చూశాక, "పేరు చూసి మోసపోయానర్రా" అన్నారు.

బంజార్ దాటి గుషైనీ వైపు వెళ్తుంటే ఆ నది పచ్చగా, రాళ్ళ మీద తెల్లగా విరుగుతూ, ఎంత బావుందో చెప్పలేను. ఆ నీళ్ళల్లో ట్రౌట్ అనే చేప వుంటుంది. అది మన దేశపు చేప కాదు. ఇంగ్లీషువాళ్ళు తమ దేశంలోలాగే ఇక్కడి ఏళ్ళలోనూ గాలం వేసి ఆడుకోవాలని సరదా పడి, కాశ్మీరుకి తెచ్చి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ లోయలోనూ వదిలారట. వాళ్ళు వెళ్ళిపోయారు, చేప వుండిపోయింది. మత్స్యశాఖవాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. నవంబరునుంచి ఫిబ్రవరిదాకా గుడ్లు పెట్టే కాలం గనుక పట్టకూడదు. అన్నీ పద్ధతిగానే వున్నాయి.

మావారు ఒక గైడు కుర్రాణ్ణి కుదుర్చుకున్నారు. వాడు వానపాములు వద్దని, తళతళలాడే చిన్న రేకుముక్క గాలానికి తగిలించి ఇచ్చాడు. చేప దాన్ని చూసి చిన్నచేప అనుకుంటుందట. రెండు గంటలు ఏమీ పడలేదు. వదినగారు ఒడ్డున కూర్చుని విష్ణుసహస్రనామం చదువుతున్నారు. అది తమ్ముడికి చేప పడాలనో పడకూడదనో నేను అడగలేదు.

ఉన్నట్టుండి కర్ర వంగింది. మావారు ఒక్క అరుపు అరిచారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతులో అంత సంతోషం నేను వినలేదు. పిల్లలు పుట్టినప్పుడు కూడా. చేప నీళ్ళలోంచి ఎగిరింది, మునిగింది, ఇటు లాగింది, అటు లాగింది. ఆఖరికి అలిసిపోయి ఒడ్డుకి వచ్చింది. బంగారు రంగు ఒళ్ళు, దానిమీద ఎర్రటివీ నల్లటివీ చుక్కలు, చుక్క చుట్టూ పాలిపోయిన అంచు. కుర్రాడు మావారి చేతులు నీళ్ళలో తడపమన్నాడు. పొడి చేతులతో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు వూడిపోయి, జబ్బు చేస్తుందట. తడి చేతులతో పట్టుకుని, ఫోటో తీయించుకుని, పెదవినుంచి గాలం మెల్లిగా వూడదీసి, నీళ్ళలో అలాగే కాసేపు నిలబెట్టి పట్టుకున్నారు. అది ఊపిరి కూడదీసుకుని, తోక విదిల్చి, వెళ్ళిపోయింది.

"చూశావా, వదిలేశాను!" అన్నారు మావారు. మొహం వెలిగిపోతోంది. వాట్సాప్‌లో మా బంధువులందరికీ ఫోటో వెళ్ళింది, కింద 'వదిలేశాను' అని.

వదినగారు పుస్తకం మూశారు. "తినవు గదా, మరెందుకు పట్టావురా?" అన్నారు.

"సరదాకి అక్కా. వదిలేశానుగా."

"తినడానికి పట్టేవాడికి ఆకలి అన్న సాకు వుంది. నీకేం సాకుంది?"

మావారు వకీలు కావలసిన మనిషి. ఈ నదిని ఇంత శుభ్రంగా వుంచాలని గొడవ చేసేది ఎవరనుకున్నావు, ఇలా గాలం వేసేవాళ్ళే అన్నారు. లైసెన్సు డబ్బు చేపలకే పోతుందన్నారు. ఆ సరదా అనేదే లేకపోతే ఈ చేప ఈ నదిలో పుట్టేదే కాదు గదా అన్నారు. ఈ ఆఖరి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఒక ప్రాణిని ఆటకోసమే తెచ్చిపెట్టినవాడికి దానితో ఆడుకునే హక్కు వస్తుందా అని తిరగేసి అడిగితే మాత్రం, ఆడవాళ్ళందరికీ ఆ ప్రశ్న ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది. అదలా వుంచండి.

నేను నోరు విప్పలేదు. ఆ చేప పెదవి దగ్గర గాలం వూడదీసినచోట చిన్న ఎర్ర చీలిక చూశాను. "వదిలేశానుగా, ఇంకా ఏమిటి మీ బాధ?" అని మావారు నవ్వుతూ అన్నారు. ఆ మాట నాకు ఎంత బాగా తెలుసో ఆయనకి తెలియదు. అక్షరం పొల్లు పోకుండా అదే మాట జనవరిలో నేను అన్నాను, మా వంటింట్లో నిలబడి.

ఇక చెప్పక తప్పదు.

మా అమ్మ ఇచ్చిన ఏడురాళ్ళ కమ్మలు నాకున్నాయి. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక పెళ్ళికి పెట్టుకుని వెళ్ళి, వచ్చి, ఎప్పుడు తీశానో ఎక్కడ పెట్టానో, తెల్లారి చూస్తే ఒక్కటే వుంది. మా ఇంట్లో అప్పటికి మూడేళ్ళుగా ఒకమ్మాయి పనిచేస్తోంది. పాలమూరు జిల్లానుంచి వచ్చినవాళ్ళు, మా వెనక బస్తీలో వుంటారు. పడగ్గది తుడిచేది ఆ అమ్మాయే. నేనేమీ అరవలేదు. అరిచేవాళ్ళంటే నాకు అసహ్యం. మెల్లిగా పిలిచి, "నిజం చెప్పు, నేనేమీ అనను" అన్నాను. "నేను దియ్యలేదమ్మా" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అంది, ఏడ్చింది. ఏడుపు చూసి నాకు అనుమానం ఇంకా గట్టిపడింది చూశారా, మనసు తమాషా! ఏడవకపోతే గుండెలు తీసిన బంటు అనుకునేదాన్ని.

పోలీసులకి చెప్పమన్నారు ఒకరిద్దరు. "పాపం, పిల్లలుగలది, పోలీసులెందుకు" అన్నాను. నెల ఇంకా పదిరోజులుండగానే పూర్తి జీతం చేతిలో పెట్టాను. "పోనీలే, వదిలేస్తున్నాను. రేపట్నుంచి రాకు" అన్నాను. అది అలాగే నిలబడి చూస్తూంటే, "వదిలేశానుగా, ఇంకా ఏమిటి నీ బాధ?" అన్నాను. ఆ రాత్రి నేను చాలా మంచిదాన్నని నాకు అనిపించింది. మర్నాడు లిఫ్టులో నాలుగో అంతస్తు ఆవిడ కనిపిస్తే, "ఏమీ అనుకోకండి, కొంచెం జాగ్రత్త" అని ఒక్క ముక్క అన్నాను. ఒక్క ముక్కే. వారం తిరక్కుండా మా బ్లాకులో ఆ అమ్మాయి చేసే మిగతా మూడిళ్ళలో రెండు పోయాయి.

ఏప్రిల్ ఆఖర్న, ఈ ప్రయాణం కోసం వున్నిబట్టలు ఎండలో వేద్దామని తీశాను. ఆ పెళ్ళినాడు చలికి కప్పుకున్న శాలువా మడతలో, అల్లికలో చిక్కుకుని, శీలతో సహా మెరుస్తూ వుంది కమ్మ.

ఎవరికీ చెప్పలేదు. మావారికి కూడా. దాన్ని చిన్న కాగితంలో చుట్టి హ్యాండుబ్యాగు లోపలి అరలో పెట్టుకుని రెండువేల కిలోమీటర్లు మోసుకొచ్చాను. అందుకూ నాకు వేణ్ణీళ్ళ బుగ్గ కావాల్సింది.

తీరా మణికరణ్ వెళితే అక్కడ నాకు స్వాగతం చెప్పిన కథ ఏమిటో తెలుసా? చెవికమ్మ కథ!

పార్వతీదేవి ఆ నదిలో జలకాలాడుతూంటే కర్ణాభరణంలోని మణి జారి నీళ్ళలో పడిపోయిందట. పాతాళంలో ఆదిశేషుడి దగ్గరికి చేరిందట. గణాలు వెతికి వట్టి చేతులతో వచ్చేసరికి శివుడికి కోపం వచ్చి మూడోకన్ను తెరిచాడట. లోకాలు అల్లకల్లోలమయ్యాయి. శేషుడు భయపడి బుస్సుమని ఒక్క బుస కొడితే, సలసల కాగే నీళ్ళు, వాటితో బాటు ఎన్నో మణులూ పైకి చిమ్మాయట. అందుకే మణికరణ్. కాశీలో మణికర్ణిక దగ్గర కూడా ఇలాంటి చెవికమ్మ కథే చెబుతారు. అమ్మవారికి కూడా కమ్మ పోతే ఇంత రాద్ధాంతం జరిగిందన్నమాట అని వదినగారు ముచ్చటపడ్డారు. నాకు మాత్రం ఆ కథలో పార్వతి వెతికిందా లేదా, శివుణ్ణి కాస్త ఆగమందా లేదా అన్నది కావాలి. పక్కనున్న పూజారిని అడిగితే, "అమ్మా, కథ అంతవరకే" అన్నాడు హిందీలో.

అక్కడ నీళ్ళు నిజంగానే కుతకుత వుడుకుతున్నాయి. బియ్యం గుడ్డలో మూటకట్టి దారంతో వేలాడదీస్తారు, కాసేపటికి అన్నం. పక్కనే గురుద్వారా. అక్కడి లంగర్‌లో కూడా ఆ వేడిమీదే గుండిగలతో వండుతారు. వదినగారు మడీ ఆచారం మరిచిపోయి రెండుసార్లు పప్పు వడ్డించుకున్నారు. ఆడవాళ్ళ స్నానాలకి విడిగా చన్నీళ్ళు కలిపిన కుండం వుంది. మునిగాను. మోకాళ్ళకి హాయిగా వుంది. అంతే. నేననుకున్నదేమీ జరగలేదు.

ఆ లోయలో నగల కథ ఇంకొకటి వుంది. అది పురాణం కాదు, పదిహేడో శతాబ్దం నాటిదని చెబుతారు. కులూ రాజు జగత్‌సింగ్‌కి, పార్వతీ లోయలో టిప్పరి అనే వూళ్ళో ఒక బ్రాహ్మడి దగ్గర కుంచెడు ముత్యాలున్నాయని ఎవరో చెప్పారు. రాజు ఇమ్మన్నాడు. లేవంటే నమ్మలేదు. ఆ బ్రాహ్మడు వేధింపు పడలేక, "మీరు మణికరణ్ వెళ్ళి వచ్చేలోగా ఇస్తా"నన్నాడు. రాజు తిరిగి వచ్చేసరికి ఇంటికి నిప్పుపెట్టుకుని పెళ్ళాం పిల్లలతో సహా కాలిపోయాడు. ఆనాటినుంచి రాజుకి అన్నంలో పురుగులు, నీళ్ళలో రక్తం కనిపించేవిట. ప్రాయశ్చిత్తంగా అయోధ్యనుంచి రఘునాథుడి విగ్రహం తెప్పించి, రాజ్యం ఆయనకి అప్పగించి, తాను సేవకుడుగా వుండిపోయాడు. కులూ దసరా ఆ పుణ్యమే. మనకి విజయదశమితో పండగ అయిపోతే వాళ్ళకి ఆ రోజునే మొదలవుతుంది. ఇంతకీ ఆ రఘునాథుణ్ణే 2014 డిసెంబరులో ఎవరో ఎత్తుకుపోతే, మరుసటి నెలలో దొరికాడు. దొంగతనం పాలు కాని వస్తువంటూ లేదు, దేవుడితో సహా.

సుల్తాన్‌పూర్‌లో ఆ గుడి ముందు నిలబడి నేను ఆలోచించింది రాజు గురించి కాదు. అతను ఏకంగా రాజ్యం ఇచ్చేశాడు. మంచిదే. కాని ఆ బ్రాహ్మడి దగ్గర ముత్యాలు లేవు అన్న మాట, ఆ వూరివాళ్ళందరి ఎదుటా ఎవరైనా చెప్పారా? దేవుడికి చెప్పుకోవడం తేలిక. దేవుడు లిఫ్టులో ఎదురుపడడు.

మనాలీ చేరాం. హిడింబ గుడి చూశాం. 1553లో కట్టిన దేవదారు చెక్కల గుడి. మనం గయ్యాళిని తిట్టడానికి వాడే పేరు అక్కడ రాజవంశానికి నాయనమ్మ, ఆవిడ రానిదే దసరా మొదలవదు. ఆ పైన వశిష్ఠ్ అనే వూళ్ళో గంధకం వాసన వేసే వేణ్ణీళ్ళ కుండాలు. అక్కడ ఆదిపర్వం కథ చెప్పారు వదినగారు. నూరుగురు కొడుకులూ చచ్చిపోతే వశిష్ఠుడు బతకలేక, పాశాలతో తన్ను తానే కట్టుకుని నదిలో దూకాడట. నది ఆ పాశాలు విప్పి, ఆయన్ని ఒడ్డున పడేసింది. అందుకని విపాశ అయింది, అదే ఇప్పటి బియాస్.

ఇదీ వదిలెయ్యడమే. కాని ఈ నది ఆయన్ని కట్టలేదు. తను కట్టని ముడి విప్పింది. మావారు తాను గుచ్చిన గాలాన్నే తీశారు. మరి నేనో? అసలు చెయ్యని తప్పుని క్షమించాను. తప్పు చేసినవాళ్ళని క్షమిస్తే ఆ తప్పు అక్కడితో తీరుతుంది. చెయ్యనివాళ్ళని క్షమిస్తే అది వాళ్ళకి అంటుకుపోతుంది. నేను దాన్ని పోలీసులకి పట్టిచ్చినా నయం. వాళ్ళు వెతికి, లేదని తేల్చి, పంపేసేవారేమో. నా దయ దానికి ఆ అవకాశం కూడా లేకుండా చేసింది.

తిరుగు ప్రయాణంలో ఒకటి చదివాను. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ అనే ఆవిడా, తోటి శాస్త్రజ్ఞులూ ట్రౌట్ చేపల మీదే ఒక పరీక్ష చేశారు. పెదవిలో ఆమ్లం ఎక్కిస్తే అవి మేత మానేశాయి, అడుగున గులకరాళ్ళకి పెదవులు రాసుకున్నాయి. అది బాధేనా, వట్టి శరీర ధర్మమా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మావారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, "వాట్సాప్‌లో ఆ ఫోటో తీసేశాను" అన్నారు. అప్పుడు హ్యాండుబ్యాగులోంచి కాగితం పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఇంటికొచ్చి ముందు నాలుగో అంతస్తుకి వెళ్ళాను. "అయ్యో, దొరికిందా! పోనీలెండి, బంగారం మీది. ఇప్పుడిక ఎవరికీ చెప్పకండి, కొత్తమ్మాయి బాగానే చేస్తోంది" అన్నారావిడ. ఆవిణ్ణేమనను? నేను చల్లిన విత్తనమే. మిగతా రెండిళ్ళకీ కూడా వెళ్ళి చెప్పి వచ్చాను. ఒకావిడ నిద్రపోతున్నారని వాళ్ళ కోడలికి చెప్పాను.

ఆ అమ్మాయి ఇప్పుడు కొండాపూర్ వైపు ఒక లేడీస్ హాస్టల్లో వంటకి సాయం చేస్తోంది. సాఫ్ట్‌వేర్ పిల్లలుండే హాస్టలు. వెనకవైపు షెడ్డులో బస్తాడు ఉల్లిపాయల ముందు కూర్చుని తరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. చెప్పాను. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో కూడా చెప్పాను. ఏప్రిల్లో దొరికితే జూన్‌లో వచ్చావేమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"దొరికిందా అమ్మా? మంచిగైంది" అంది. కాసేపాగి, "నాలుగో ఫ్లోర్ మేడంకు చెప్పిన్రా?"

"చెప్పాను."

"ఏమన్నది?"

నేను మాట్లాడలేదు. అది మళ్ళీ కూర్చుని కత్తిపీట దగ్గరకి లాక్కుంది. నా బ్యాగులో ఒక కవరు వుంది, అందులో డబ్బు. తీయడానికి చెయ్యి రాలేదు. మా ఇంటికి మళ్ళీ వస్తావా అని అడగాలని కూడా వెళ్ళాను. అదీ నోటికి రాలేదు.

"మా పిలగాడు ఒకనాడు అడిగిండమ్మా, నువ్వు నిజంగ తీసినవా అని. లేదు బిడ్డా అన్న. ఊకున్నడు గాని..." అంటూ ఉల్లిపాయ కోసింది. "మీరే ఒకసారి వచ్చి వానికి చెప్పుండ్రి. ఆదివారం ఇంట్ల వుంటడు."

వస్తానన్నాను. వాడు ఏడో తరగతిట. ఈవేళ గురువారం. ఎలా మొదలుపెట్టాలా అని నిన్నటినుంచి అనుకుంటున్నాను. మావారు కూడా వస్తానన్నారు గాని, వద్దన్నాను.